సోక్రటీస్ కేసును ఎలా చదవాలి: ప్లేటో నాలుగు సంభాషణలకు ఒక మార్గదర్శి

క్రీస్తుపూర్వం 399లో ఏథెన్స్‌లో సోక్రటీస్ అనే 70 ఏళ్ల తత్వవేత్త మీద దైవద్రోహం కేసు నడిచింది. నగరం గుర్తించే దేవుళ్లను గుర్తించడం లేదు, కొత్త దైవాలను తెస్తున్నాడు, కుర్రాళ్లను చెడగొడుతున్నాడు అన్నవి అభియోగాలు. ఒక్క రోజులో విచారణ ముగిసి మరణశిక్ష పడింది. ఆ రోజుల గురించి ఆయన శిష్యుడు ప్లేటో రాసిన నాలుగు రచనలు యూథిఫ్రో, అపాలజీ, క్రీటో, ఫీడో.

వీటిని మొదలుపెట్టేవాళ్లు చాలామందే. ఫీడో మధ్యలో, ఆత్మ అమరత్వం వాదనల దగ్గర వదిలేసేవాళ్లూ చాలామందే. ఇంకొందరు మొదటి పేజీలోనే సోక్రటీస్‌ను మహాత్ముడిగా ఒప్పేసుకుని చేతులు జోడించి చదువుతారు. అలా చదివితే వాదన ఒక్కటీ బుర్రకెక్కదు. నా సలహా ఏంటంటే, వీటిని కేసు ఫైలులా చదవండి. జ్యూరీలో మీరూ ఒకరు. నేను చెప్పిన చోట ఆగి మీ ఓటు కాగితం మీద రాయండి. మనసులో అనుకుంటే చాలదు, రాయాలి. తర్వాత మార్చుకోవచ్చు, కానీ ఎందుకు మార్చారో కూడా రాయాలి.

1. అంకెలున్న కాపీ సంపాదించండి

1578లో స్టెఫానస్ అనే ముద్రాపకుడు జెనీవాలో ప్లేటో రచనలను అచ్చువేశాడు. ఆ పేజీల నంబర్లనే ఇప్పటికీ ప్రపంచమంతా వాడుతోంది. ఒక్కో పేజీని ఎ, బి, సి, డి, ఇ అని ఐదు భాగాలు చేస్తారు. యూథిఫ్రో 2ఎ నుంచి 16ఎ వరకు, అపాలజీ 17ఎ నుంచి 42ఎ వరకు, క్రీటో 43ఎ నుంచి 54ఇ వరకు, ఫీడో 57ఎ నుంచి 118ఎ వరకు. ఏ అనువాదమైనా సరే, పేజీ అంచున ఈ అంకెలు ఉంటేనే తీసుకోండి. లేకపోతే ఇద్దరు కలిసి చదివేటప్పుడు ఒకరు చెప్పే చోటు ఇంకొకరికి దొరకదు. ఈ వ్యాసంలోనూ ఆ అంకెలే ఇస్తున్నాను.

బెంజమిన్ జోవెట్ పాత ఇంగ్లిష్ అనువాదం నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. వాక్యం హాయిగా సాగుతుంది కానీ చాలా ఉచిత కాపీల్లో అంకెలు ఉండవు. ఫౌలర్ 1914 నాటి అనువాదం పర్సియస్ డిజిటల్ లైబ్రరీలో అంకెలతో సహా ఉంది. కొనేట్లయితే గ్రూబ్ అనువాదం తీసుకోండి, భాష సులువు.

చదివే వరుస పైన చెప్పిన వరుసే. సంఘటనలు జరిగిన క్రమం అది. ప్లేటో రాసిన క్రమం మాత్రం అది కాదు. ఫీడో మిగతా మూడింటి కంటే బాగా తర్వాత రాసిందని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. ఈ సంగతి గుర్తుంచుకోండి, ఏడో దశలో పనికొస్తుంది.

2. ముందు ఒక అరగంట ఏథెన్స్ రాజకీయాలు

ఇది వదిలేసి నేరుగా సంభాషణల్లోకి వెళ్తే, ఒక మంచి మనిషిని మూర్ఖులు చంపేశారు అన్న కథ మాత్రమే మిగులుతుంది. జ్యూరీలో కూర్చున్నవాళ్ల బుర్రలో ఏముందో తెలియాలి.

క్రీస్తుపూర్వం 431 నుంచి 404 దాకా ఏథెన్స్ స్పార్టాతో యుద్ధం చేసి చిత్తుగా ఓడింది. ఓటమి తర్వాత స్పార్టా అండతో ముప్పైమంది నియంతలు అధికారంలోకి వచ్చారు. నెలల వ్యవధిలోనే సుమారు 1500 మందిని చంపించారు. వాళ్ల నాయకుల్లో క్రిటియాస్ ఒకడు. ఇతను ప్లేటోకి తల్లివైపు బంధువు, ఒకప్పుడు సోక్రటీస్ వెంట తిరిగినవాడు. యుద్ధంలో స్పార్టా పక్షానికి ఫిరాయించిన ఆల్సిబయాడీస్ కూడా సోక్రటీస్‌కి దగ్గరివాడే. 403లో ప్రజాస్వామ్యం తిరిగి వచ్చినప్పుడు క్షమాభిక్ష ప్రకటించారు. పాత రాజకీయ తప్పుల మీద కేసులు పెట్టకూడదన్నది ఒప్పందం.

అంటే క్రిటియాస్‌ని తయారుచేశాడని సోక్రటీస్ మీద నేరుగా కేసు వేసే వీల్లేదు. దైవద్రోహం కేసు వేయొచ్చు. కేసు వేసిన ముగ్గురు మెలెటస్, ఆనిటస్, లైకాన్. వీళ్లలో ఆనిటస్ ఆ ప్రజాస్వామ్యాన్ని తిరిగి తెచ్చిన నాయకుల్లో ఒకడు. 345లో, అంటే యాభై ఏళ్లు దాటాక కూడా, ఎస్కినీస్ అనే వక్త ఏథెన్స్ కోర్టులోనే, క్రిటియాస్‌కి చదువు చెప్పినందుకే కదా మీరు సోక్రటీస్‌ను చంపింది అని జ్యూరీతో అన్నాడు. అలాగని కేసంతా రాజకీయమే, మతం వట్టి సాకు అని తీర్మానించకండి. ఓటమి తర్వాత దేవుళ్లకు కోపం వచ్చిందేమోనన్న టెన్షన్ ఆ ఊళ్లో నిజంగానే ఉంది.

3. కోర్టు ఎలా నడిచేదో తెలుసుకోండి

ప్రభుత్వ వకీలు లేడు. తీర్పు చెప్పే జడ్జి లేడు. ఎవరైనా పౌరుడు కేసు వేయొచ్చు, ముద్దాయి తన వాదన తానే వినిపించుకోవాలి. 30 ఏళ్లు దాటిన పౌరుల్లోంచి చీటీలు తీసి జ్యూరీని ఎంచేవారు. ఈ కేసులో వాళ్లు దాదాపు 500 మంది. తమలో తాము చర్చించుకోవడం ఉండదు, వినగానే రహస్యంగా ఓటు వేయడమే. మాట్లాడే సమయాన్ని నీటి గడియారంతో కొలిచేవారు.

రెండు విషయాలు మరీ ముఖ్యం. దైవద్రోహం నేరమని చట్టం చెప్పింది కానీ ఏ పని చేస్తే అది దైవద్రోహమో వివరించలేదు. అది జ్యూరీ విచక్షణకే వదిలేసింది. రెండోది, నేరం రుజువైతే శిక్ష మీద మళ్లీ ఓటింగ్ ఉంటుంది. ఫిర్యాది ఒక శిక్ష చెప్తాడు, ముద్దాయి ఇంకోటి చెప్తాడు. ఆ రెంటిలో ఒకటే ఎంచాలి, మధ్యేమార్గం లేదు.

ఇక్కడ మొదటిసారి ఆగండి. దైవద్రోహం అంటే ఏమిటో మీ మాటల్లో ఒక్క వాక్యం రాయండి. కష్టంగానే ఉంటుంది. అయినా రాయండి.

4. యూథిఫ్రో: నెమ్మదిగా, రెండుసార్లు

సుమారు పదిహేను పేజీలే. గంటలో అయిపోతుంది, అయితే ఎక్కువ సమయం ఇవ్వాల్సింది దీనికే అంటాను.

సంభాషణ జరిగేది అగోరాలోని (నగరం నడిబొడ్డు బజారు) రాజ ఆర్కన్ అనే అధికారి మండపం దగ్గర. మతానికీ హత్యకూ సంబంధించిన కేసులు మొదట నమోదయ్యేది అక్కడే. (ఆ మండపం పునాదులు 1970లో తవ్వకాల్లో బయటపడ్డాయి, ఏథెన్స్ వెళ్తే చూడొచ్చు.) సోక్రటీస్ తన మీద పడిన కేసు కోసం వచ్చాడు. యూథిఫ్రో కన్నతండ్రి మీదే హత్య కేసు వేయడానికి వచ్చాడు. నాక్సోస్ దీవిలోని వాళ్ల పొలంలో ఒక కూలివాడు తాగిన మత్తులో బానిసను చంపాడు. తండ్రి ఆ కూలివాణ్ణి కాళ్లూ చేతులూ కట్టి గోతిలో పడేసి, ఏం చేయాలో కనుక్కురమ్మని ఏథెన్స్‌కి మనిషిని పంపాడు. ఆ మనిషి తిరిగొచ్చేలోపే కూలివాడు ఆకలికీ చలికీ చచ్చిపోయాడు.

యూథిఫ్రోని వెర్రిబాగులవాడిగా తీసిపారేసే పాఠకులు ఎక్కువ. నాకది నచ్చదు. చనిపోయింది కూలివాడైతే ఏంటి, చంపింది తండ్రైతే ఏంటి, చూడాల్సింది న్యాయంగా చంపాడా లేదా అన్నదే అంటాడు (4బి). ఆ కాలానికి అది చిన్న మాట కాదు. అతని సమస్యల్లా తనకు అన్నీ తెలుసన్న ధీమా.

మొదటిసారి కథలా చదివేయండి. రెండోసారి నోట్‌బుక్‌లో, పవిత్రత అంటే ఏమిటన్న ప్రశ్నకు యూథిఫ్రో ఇచ్చే జవాబులు ఒక్కోటి రాసుకోండి. నేనిప్పుడు చేస్తున్నదే పవిత్రం అన్నది మొదటిది (5డి). అది ఉదాహరణే తప్ప నిర్వచనం కాదు. దేవుళ్లకు ఇష్టమైనది అన్నది రెండోది (7ఎ). కానీ గ్రీకు దేవుళ్లు తమలో తాము కొట్టుకుంటారు, ఒకరికి నచ్చింది ఇంకొకరికి నచ్చదు. అందుకని దేవుళ్లందరికీ ఇష్టమైనది అని సవరిస్తాడు (9ఇ). అప్పుడొస్తుంది 10ఎ దగ్గర అసలు ప్రశ్న: పవిత్రం కాబట్టి దేవుళ్లు దాన్ని ఇష్టపడతారా, దేవుళ్లు ఇష్టపడతారు కాబట్టి అది పవిత్రమవుతుందా?

ఆ వెంటనే ఒక పేజీ, మోసేది, మోయబడేది, చూసేది, చూడబడేది అంటూ తల తిరిగేలా ఉంటుంది. భయపడొద్దు, చెప్పేది చిన్న విషయం. ఎవరో మోస్తున్నారు కాబట్టే ఒక వస్తువు మోయబడుతోంది. అది మోయబడే వస్తువు కాబట్టి ఎవరూ మోయడం లేదు. అలాగే, దేవుళ్లు ఇష్టపడుతున్నారు కాబట్టే ఒక పని వాళ్లకు ఇష్టమైన పని అయింది. కానీ పవిత్రం కాబట్టే దాన్ని ఇష్టపడుతున్నారు అని యూథిఫ్రో అప్పటికే ఒప్పుకున్నాడు (10డి). ఇప్పుడు మీరొక పని చేయండి. ఆ వాక్యంలో ‘పవిత్రం’ తీసేసి ‘దేవుళ్లకు ఇష్టమైనది’ అని పెట్టండి. ‘దేవుళ్లకు ఇష్టమైనది కాబట్టి దేవుళ్లు ఇష్టపడుతున్నారు’ అని వస్తుంది. ఏమీ చెప్పని వాక్యం. రెండు మాటలూ ఒకటే అయితే ఇలా తేడా కొట్టకూడదు.

యూథిఫ్రో 10డి దగ్గర ఒప్పుకోకుండా ఉండుంటే? దేవుళ్లు ఇష్టపడ్డారు, అంతే, అందుకే అది పవిత్రం అని మొండికేసుంటే? ఆ పక్షాన నిలబడి ఒక అరపేజీ వాదించి చూడండి. సోక్రటీస్ వాదన అక్కడ ఆగిపోతుంది. బదులుగా మీకు ఇంకో చిక్కు వస్తుంది: రేపు దేవుళ్లు మనసు మార్చుకుంటే పవిత్రం కూడా మారిపోతుందా?

తర్వాతి పేజీల్లో పవిత్రత అంటే దేవుళ్లకు చేసే సేవ అన్న మాట వస్తుంది. సేవ చేయించుకుని దేవుళ్లు సాధించే ఆ గొప్ప పని ఏమిటి అని సోక్రటీస్ అడుగుతాడు. యూథిఫ్రో యాగాలు, ప్రార్థనలు అంటూ పక్కకు వెళ్లిపోతాడు. జవాబు చెప్పబోయి తిరిగిపోయావు అంటాడు సోక్రటీస్ (14సి). ఈ 14సి పక్కన పెద్ద నక్షత్రం గుర్తు పెట్టుకోండి. యూథిఫ్రో పనుందంటూ జారుకుంటాడు. ప్రశ్నకు జవాబు రాదు.

6ఎ పక్కన కూడా ఒక గుర్తు పెట్టండి. దేవుళ్లు తండ్రుల్ని గొలుసులతో కట్టేశారన్న కథలు నమ్మడం నాకు కష్టం, బహుశా నా మీద కేసు అందుకేనేమో అంటాడు సోక్రటీస్ అక్కడ. ఫిర్యాదుదారులకు ఈ మాట చిక్కి ఉంటే పండగే.

5. అపాలజీ: పైకి చదవండి

ఇది కోర్టులో సోక్రటీస్ చేసిన ప్రసంగం. కళ్లతో కాదు, గొంతుతో చదవాలి. పూర్తిగా పైకి చదవడానికి గంట, గంటన్నర పడుతుంది. నలుగురు స్నేహితులుంటే ఒకరు సోక్రటీస్, ఒకరు మెలెటస్, మిగతావాళ్లు జ్యూరీ. ఆయన మాట్లాడుతుంటే జనం గోల చేస్తున్నారని ప్రసంగంలోనే పదే పదే తెలుస్తుంది. ఆ చోట్ల జ్యూరీవాళ్లు నిజంగానే గోల చేయండి.

ఇందులో ఉన్నది మూడు ప్రసంగాలు. నేరం మీద వాదన 35డి దాకా, శిక్ష మీద వాదన 38బి దాకా, తీర్పు తర్వాతి మాటలు చివరిదాకా.

మొదటి భాగంలో సోక్రటీస్ భయపడేది ఈ ముగ్గురికి కాదు, పాత పుకార్లకు (18బి). 423లో అరిస్టోఫనీస్ ‘మేఘాలు’ అనే హాస్యనాటకంలో ఆయన్ని బుట్టలో వేలాడుతూ దేవుళ్లు లేరని చెప్పే మాయగురువుగా చూపించాడు. జ్యూరీలో చాలామంది అది చూసో వినో పెరిగినవాళ్లే.

తర్వాత అపోలో దేవుడి గుడి ఉన్న డెల్ఫీ కథ. సోక్రటీస్ కంటే జ్ఞాని ఎవరూ లేరని దైవవాణి చెప్పిందంటాడు. దాన్ని పరీక్షించడానికి రాజకీయ నాయకులు, కవులు, చేతిపనివాళ్ల దగ్గరికి వెళ్లి వాళ్లకు తెలియదని తేల్చాడు. ఇక్కడ ఒక చిన్న విషయం గమనించండి. డెల్ఫీకి వెళ్లి అడిగిన కైరెఫాన్ గురించి, మీ ప్రజాపక్షంవాడే, మీతోపాటే ప్రవాసం వెళ్లాడు అని గుర్తుచేస్తాడు (21ఎ). రాజకీయం మాట్లాడటం లేదంటూనే మాట్లాడుతున్నాడు.

మెలెటస్‌ని అడ్డప్రశ్నలు వేసే చోట (24బి నుంచి 28ఎ) పెన్సిల్ చేతిలో ఉండాలి. అభియోగం, నగరం గుర్తించే దేవుళ్లను గుర్తించడం లేదు అని. సోక్రటీస్ 26సి దగ్గర అడుగుతాడు: వేరే దేవుళ్లను నమ్ముతున్నాననా, అసలు దేవుళ్లనే నమ్మననా? అసలు నమ్మవు అంటాడు మెలెటస్. అంతే, చిక్కాడు. కొత్త దైవ విషయాలు తెస్తున్నాడని రాసిచ్చి, దైవాన్నే నమ్మడంటావేం అని సోక్రటీస్ ఉతికేస్తాడు. చదువుతుంటే చప్పట్లు కొట్టాలనిపిస్తుంది. కానీ మీరు జ్యూరీ. ఓడిపోయింది మెలెటస్ మార్చి చెప్పిన అభియోగం, కాగితం మీదున్నది కాదు. నగర దేవుళ్లను గుర్తిస్తున్నారా అన్న ప్రశ్నకు సూటి జవాబు ఎక్కడొచ్చింది? ఫిర్యాది కంటే నేనే ఎక్కువగా దేవుళ్లను నమ్ముతాను అంటాడు చివర్లో (35డి). ఏ దేవుళ్లనో చెప్పడు.

సోక్రటీస్ మరో శిష్యుడు జెనోఫన్ కూడా ఇదే కేసు మీద ఒక అపాలజీ రాశాడు. అందులో సోక్రటీస్, పండగలప్పుడు అందరితో పాటు నేనూ బలిపీఠాల దగ్గర పూజలు చేయడం మీరంతా చూశారు కదా అంటాడు. ఏథెన్స్‌వాళ్లకు భక్తి అంటే ముఖ్యంగా పూజలూ పండగలూ కాబట్టి అది గట్టి సాక్ష్యం. ప్లేటో దాన్ని వాడలేదు. ఎందుకు వాడలేదన్నదే ఈ నాలుగు రచనల్లో నన్ను ఎక్కువగా పట్టుకున్న ప్రశ్న.

నా ఊహకు ఆధారం 30ఎలో ఉంది. నేను మిమ్మల్ని ప్రశ్నలతో విసిగించడమే దేవుడికి నేను చేసే సేవ, ఇంతకంటే మంచి ఈ నగరానికి ఎప్పుడూ జరగలేదు అంటాడు అక్కడ. ఇప్పుడు యూథిఫ్రో 14సి దగ్గర నక్షత్రం పెట్టిన చోటు మళ్లీ చూడండి. అక్కడ రాని జవాబు ఇక్కడ వస్తోంది. మనుషులు తమ ఆత్మల్ని బాగు చేసుకునేలా చూడటమే భక్తి అయితే బలిపీఠం సాక్ష్యం అక్కర్లేదు. అదే నిజమైతే, భక్తికి ఆయన కొత్త అర్థం ఇస్తున్నట్టే. అభియోగం చెప్పేది కూడా దాదాపు అదే!

35డి దగ్గర రెండోసారి ఆగండి. ఓటు వేయండి. మొదట రాసిన నిర్వచనం ప్రకారం వేస్తున్నారా, దాన్ని పక్కన పెట్టేశారా?

అసలు జ్యూరీలో 30 ఓట్లు అటు మారి ఉంటే బయటపడేవాణ్ణి అంటాడు సోక్రటీస్ (36ఎ). 500 మందైతే దోషి అన్నవాళ్లు ఇంచుమించు 280, కాదన్నవాళ్లు 220. తర్వాత శిక్ష ప్రతిపాదించాలి. ఒలింపిక్ విజేతలకు పెట్టినట్టు నగర భవనంలో ఉచిత భోజనం పెట్టండి అంటాడు. ఆపైన ఒక మీనా జరిమానా అంటాడు. చివరికి ప్లేటో, క్రీటో తదితరులు హామీ ఉంటారని 30 మీనాలకు ఒప్పుకుంటాడు. ఒక మీనా 100 డ్రాక్మాలు, పనివాడి రోజు కూలి సుమారు ఒక డ్రాక్మా. అంటే ఆఖరి మొత్తం ఎనిమిదేళ్ల కూలికి పైనే. చిన్నది కాదు, కానీ అప్పటికే భోజనం మాట అనేశాడు. శతాబ్దాల తర్వాత డయోజినీస్ లెయర్టియస్ అనే జీవితచరిత్రకారుడు రాసినదాని ప్రకారం మరణశిక్షకు ఇంకో 80 ఓట్లు ఎక్కువ పడ్డాయి. నిర్దోషి అన్నవాళ్లలో కొందరే చంపమన్నారన్నమాట. మీరైతే? ఈ ఓటూ రాయండి.

6. క్రీటో: అపాలజీ పక్కనే పెట్టుకుని

తీర్పు రాగానే శిక్ష అమలు కాలేదు. విచారణకు ముందురోజే డీలోస్ దీవికి పవిత్ర నౌకను సాగనంపే తంతు మొదలైంది, అది తిరిగొచ్చేదాకా నగరంలో ఎవరినీ చంపకూడదు. నౌక వచ్చే వేళ తెల్లారకముందే బాల్యస్నేహితుడు క్రీటో జైలుకొచ్చి, పారిపోదాం పద, డబ్బు సిద్ధం, థెసలీలో మనవాళ్లున్నారు, పిల్లల సంగతేంటి అంటాడు. అన్యాయానికి బదులుగా కూడా అన్యాయం చేయకూడదు (49సి) అన్న మాటతో సోక్రటీస్ మొదలుపెడతాడు. తర్వాత ఏథెన్స్ చట్టాలే మనుషుల్లా వచ్చి మాట్లాడినట్టు ఊహిస్తాడు: ఒప్పించు, లేదా చెప్పింది చెయ్యి.

పని ఒక్కటే. అపాలజీ 29డి, క్రీటో 51బి పక్కపక్కన రాయండి. తత్వవిచారం మానేస్తే వదిలేస్తాం అని మీరన్నా, మీకంటే దేవుడి మాటే వింటాను అంటాడు మొదటిచోట. నగరం చెప్పింది చేయాల్సిందే అంటాయి చట్టాలు రెండోచోట. కోర్టుకు అలాంటి షరతు పెట్టే అధికారమే లేదు, అది ఊహాప్రశ్న అని కొందరు సర్దుతారు. ఒప్పించే దారి తెరిచే ఉంది కదా అని ఇంకొందరు. చట్టాల మాట వేరు, సోక్రటీస్ మాట వేరు, అది క్రీటో మనసు కుదుటపరచడానికి చెప్పింది అని మరికొందరు. నాకు మూడోది కొంత నమ్మదగ్గదిగా అనిపిస్తుంది. ఆ మాటలు చెవుల్లో హోరెత్తి ఇంకేమీ విననివ్వడం లేదు అంటాడు సోక్రటీస్ చివర్లో (54డి). వాదనను పరీక్షించే మనిషి అనాల్సిన మాట కాదది.

7. ఫీడో: మొదలు, చివర, ఆ తర్వాతే మధ్య

మొదటిసారికి 57ఎ నుంచి 69ఇ దాకా చదివి, 115ఎకి దూకండి. దీన్ని తప్పుగా అనుకోనక్కర్లేదు. మధ్యభాగం వేరే పుస్తకమంత బరువు, అందులో వినిపించేది ఎక్కువగా ప్లేటో సొంత సిద్ధాంతమని పండితులు అనుమానించడానికి కారణం మొదటి దశలోనే చెప్పుకున్నాం. ఇందులో చెప్పే రోజున, అంటే సోక్రటీస్ చనిపోయిన రోజున, ప్లేటో అక్కడ లేడు కూడా. ఒంట్లో బాగాలేదనుకుంటాను అని కథకుడు ఫీడో చేతే చెప్పించాడు (59బి).

చివరి పేజీల్లో కేసు దృష్టితో రెండు చోట్లు చూడాలి. విషం గిన్నె అందుకుని, ఇందులోంచి కొంచెం దేవుళ్లకు ధారపోయొచ్చా అని అడుగుతాడు (117బి). సరిపడా మాత్రమే కలిపాం అంటాడు కాపలావాడు. అయితే ప్రార్థన చేసి తాగుతాడు. ఆఖరి మాట, అస్క్లీపియస్ దేవుడికి (రోగాలు నయం చేసే దేవుడు) ఒక కోడిపుంజు బాకీ ఉన్నాం, మరిచిపోకుండా తీర్చు క్రీటో (118ఎ). అదేం బాకీ అన్నదాని మీద పండితులు ఇప్పటికీ కొట్టుకుంటున్నారు. దైవద్రోహిగా తీర్పు పొందినవాడి నోట మామూలు ఏథెన్స్ మొక్కుబడి వినిపించడం జ్యూరీ సభ్యుడిగా మీకు ముఖ్యం. ఇది నిజంగా జరిగిందా, ప్లేటో ఓటు లాక్కుంటున్నాడా? మూడోసారి ఓటు వేయండి.

మధ్యభాగానికి తర్వాత వచ్చినప్పుడు 84సి నుంచి 91సి దాకా ముందు చదవండి. సిమ్మియస్, కెబీస్ అనే ఇద్దరు థీబ్స్ కుర్రాళ్లు గురువు చనిపోయే రోజున కూడా వదలకుండా అభ్యంతరాలు చెప్తారు. నాలుగు రచనల్లోనూ సోక్రటీస్‌ను దీటుగా ఎదుర్కొన్నది వీళ్లే.

8. ప్లేటో కాని సాక్షులు

జెనోఫన్ అపాలజీ చిన్నది, ఒక్క పూటలో అయిపోతుంది. అందులో సోక్రటీస్ ముసలితనం బాధలు తప్పుతాయని చావుకు సిద్ధపడతాడు, పొగరుగా మాట్లాడతాడు. జెనోఫన్ కూడా విచారణ రోజున ఊళ్లో లేడు. ఆసియాలో సైన్యంతో ఉన్నాడు. అరిస్టోఫనీస్ నాటకం ఆ తర్వాత చదవండి, ముందు చదివితే నవ్వుకుని మర్చిపోతారు.

ఓపిక ఉంటే ప్లేటోదే మెనో కూడా తీయండి. అందులో 90ఎ నుంచి 95ఎ దాకా ఆనిటస్ స్వయంగా వస్తాడు. మన గొప్ప నాయకులు సొంత కొడుకులకే మంచితనం నేర్పలేకపోయారని సోక్రటీస్ ఒక్కొక్కరి పేరూ చెప్తుంటే మండిపడి, జనం గురించి తేలిగ్గా నోరు పారేసుకుంటున్నావు, జాగ్రత్త అని హెచ్చరిస్తాడు. ఫిర్యాదుదారుడి వైపు నుంచి కేసు ఎలా కనిపించిందో తెలియడానికి ఆ ఐదు పేజీలు చాలు. అవి చదివాకే మీ నాలుగో ఓటు వేయండి.